దత్తతా, సరోగసీయా: నిర్ణయానికి ముందు తెలుసుకోవలసిన చట్టం

ప్రశ్న: నా వయసు 41, మా వారికి 46. పెళ్ళయి పదహారేళ్ళయింది. ఐవీఎఫ్ చేయించుకున్నా ఫలితం దక్కలేదు. రెండేళ్ళ క్రితం ఫైబ్రాయిడ్ల వల్ల గర్భసంచి తీసేశారు, అండాశయాలు మాత్రం ఉంచారు. తెలిసిన నర్సు ఒకామె, పెళ్ళికాని అమ్మాయికి పుట్టబోయే బిడ్డను ఆసుపత్రిలోనే మా పేరు మీద రాయిస్తానని, ఐదు లక్షలిస్తే చాలని, పైన ఒక స్టాంపు కాగితం రాసుకుందామని అంటోంది. మా మరిది తన రెండో పాపను, నాలుగేళ్ళ పిల్లను, దత్తత ఇస్తానంటున్నాడు. తోటికోడలు మాత్రం అవునని గానీ కాదని గానీ అనడం లేదు. మా అత్తగారు ‘మన రక్తమే కావాలి’ అంటూ సరోగసీ (వేరొక స్త్రీ గర్భంలో బిడ్డను మోయించడం) వైపు మొగ్గుతున్నారు. ఒక క్లినిక్ వాళ్ళు అమ్మాయిని కూడా తామే చూసి, మొత్తం ఒకే ప్యాకేజీగా చేస్తామన్నారు. ప్రభుత్వ దత్తత సంస్థ ‘కారా’ ద్వారా అయితే ఏళ్ళు పడుతుందని విన్నాం. మేము హిందువులం. ఏ దారిలో వెళ్ళమంటారు?

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటిలో ఒకదానికి మాత్రం ఆలోచనకు తావు లేని జవాబుంది కనుక ముందు అది చెబుతాను. ఆ నర్సు చెప్పిన దారిలో వెళ్ళకండి. కనని తల్లిని కన్నతల్లిగా ఆసుపత్రి రికార్డులో రాయించడం తప్పుడు జనన ధ్రువీకరణ సృష్టించడమే అవుతుంది. డబ్బు తీసుకుని బిడ్డను చేతులు మార్చడం బాలల న్యాయ చట్టం 2015లోని 81వ సెక్షను కింద శిశు విక్రయం. దానికి ఐదేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఆ పని చేసింది బిడ్డ సంరక్షణ చూడవలసిన ఆసుపత్రి సిబ్బంది అయితే శిక్ష మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ వరకు ఉంటుంది. అనాథ బిడ్డను, వదిలేసిన బిడ్డను, తల్లిదండ్రులు అప్పగించిన బిడ్డను చట్టం చెప్పిన పద్ధతి తప్పించి తీసుకోవడం, ఇవ్వడం కూడా 80వ సెక్షను కింద విడిగా నేరమే.

కన్నతల్లి తన బిడ్డను దత్తత ఇవ్వడానికి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఒప్పుకుంటుంది కదా అని ఆ నర్సు మీతో వాదించవచ్చు. ఒప్పుకునే మాట నిజమే. కానీ ఆ చట్టం ప్రకారం కన్నతల్లి తనకై తాను బిడ్డను ఇవ్వాలి, మీరు పుచ్చుకోవాలి, ఆ ఇచ్చిపుచ్చుకోవడం వాస్తవంగా జరగాలి, అందుకు ప్రతిఫలంగా ఒక్క రూపాయి కూడా చేతులు మారకూడదు. డబ్బు తీసుకోవడం, ఇవ్వడం, ఇస్తామని ఒప్పుకోవడం మూడింటినీ ఆ చట్టంలోని 17వ సెక్షను నిషేధిస్తుంది. మీకు చెప్పిన ఏర్పాటులో తల్లి ముఖం మీరు చూడరు, ఆమె ఇష్టపడి ఇస్తోందో లేక ఎవరి ఒత్తిడికో లొంగిందో మీకు తెలియదు, కాగితం మీద అసలు ఆమె ఉండనే ఉండదు. రేపు ఆమె వచ్చి నా బిడ్డ నాకు కావాలంటే ఆ స్టాంపు కాగితం మీకు ఏ రక్షణా ఇవ్వదు. అప్పటికి ఆ బిడ్డ మిమ్మల్ని అమ్మా నాన్నా అని పిలుస్తూ ఉంటుంది. పోలీసులు ఇలాంటి ముఠాలను పట్టుకున్నప్పుడల్లా ఏళ్ళ తరబడి పెంచిన చేతుల్లోంచి పిల్లలను తీసుకుని శిశుగృహాలకు పంపవలసి వస్తోంది. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేకపోయినా అందరికన్నా పెద్ద శిక్ష వాళ్ళకే పడుతోంది.

ఆ అమ్మాయి నిజంగానే ఉండి ఉంటే ఆమెకు కూడా చట్టంలో గౌరవమైన దారి ఉంది. ప్రసవమయ్యాక జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్ళి బిడ్డను అప్పగించవచ్చు. ఆమె వివరాలు బయటికి రావు, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది, ఆ గడువు దాటిన తరువాతే బిడ్డ దత్తతకు అర్హత పొందుతుంది. 1098 నంబరుకు ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు. ఈ సంగతి ఆమెకు చేరేలా చూడగలిగితే మీరు ఆమెకూ ఆ బిడ్డకూ మేలు చేసినవారవుతారు.

ఇక మీ మరిది గారి పాప విషయం. చట్టం వైపు నుంచి చూస్తే మీ మూడు మార్గాల్లో తేలికైనది ఇదే. పాప వయసు పదిహేనేళ్ళ లోపు, మీకు వేరే కూతురు లేదు, మీ వారికీ పాపకూ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళకు మించిన తేడా ఉంది కనుక 1956 చట్టం కింద దత్తత చెల్లుతుంది. దత్తహోమం చేయకపోయినా చెల్లుబాటుకు లోటు లేదు, కన్నవారు ఇవ్వడం, మీరు పుచ్చుకోవడం జరిగితే చాలు. ఆ తరువాత ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేసిన దత్తత పత్రాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించండి. రిజిస్టరైన పత్రం ఉంటే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు భావిస్తుంది, కాదన్నవారే దాన్ని రుజువు చేసుకోవలసి ఉంటుంది. నోటరీ ముద్ర వేసిన కాగితానికి ఆ బలం లేదు. ఇది కాక బాలల న్యాయ చట్టం కింద బంధువుల దత్తతగా కారా పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి జిల్లా కలెక్టరు ఉత్తర్వు తీసుకునే మార్గమూ ఉంది. పెదనాన్న, బాబాయి, మేనమామ, అత్త, పిన్ని, తాత, అమ్మమ్మ వంటివారు ఆ చట్టం దృష్టిలో బంధువులే.

అయితే చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఈ దారి మంచిదైపోదు, నాకు సందేహమంతా ఇక్కడే ఉంది. తండ్రి దత్తత ఇవ్వాలంటే తల్లి సమ్మతి తప్పనిసరి. మీ తోటికోడలు మౌనంగా ఉన్నారు, మౌనాన్ని సమ్మతిగా తీసుకోవద్దు. మగవాళ్ళూ అత్తగారూ లేని సమయం చూసి మీరొక్కరే ఆమెతో కూర్చోండి. ‘నువ్వు వద్దంటే ఈ మాట ఇక్కడితో ఆగిపోతుంది, వద్దన్నది నేనేనని ఇంట్లో చెబుతాను’ అని ఆమెకు ముందే మాట ఇవ్వండి. అప్పుడు ఆమె నోట వచ్చేదే అసలైన జవాబు. ఎందుకింతగా చెబుతున్నానంటే, చెల్లుబాటయ్యే దత్తతను ఆ తరువాత ఎవరూ రద్దు చేయలేరు. మీరూ చేయలేరు, వాళ్ళూ చేయలేరు, పెద్దయ్యాక పాప కూడా కాదనుకుని పుట్టింటికి తిరిగి వెళ్ళలేదు. దత్తత జరిగిన రోజు నుంచి పాప మీ కూతురు, మీ వారసురాలు. కన్నవారింట్లో ఆమెకు అప్పటికే దఖలు పడిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఆమెదే, ఆ తరువాతి వారసత్వం మాత్రం అక్కడ ఉండదు. పెళ్ళి సంబంధాల విషయంలో పుట్టింటి వరుసల నిషేధం యథాతథంగా కొనసాగుతుంది.

నాలుగేళ్ళ పిల్లకు అన్నీ తెలుస్తాయి. నిన్నటిదాకా పెద్దమ్మా అని పిలిచిన మిమ్మల్ని అమ్మా అనమని, పండుగకు అందరూ కలిసిన ఇంట్లో తన అక్క మాత్రం కన్నతల్లి ఒడిలో కూర్చుంటే తను దూరంగా ఉండమని చెప్పడం ఆ పిల్లకు ఎలా ఉంటుందో ఇరువైపుల పెద్దలూ ముందే మాట్లాడుకోవాలి. అక్కను ఉంచుకుని నన్నెందుకు ఇచ్చేశారని ఏనాడైనా ఆమె అడుగుతుంది. దానికి నలుగురూ చెప్పగల నిజమైన జవాబు ఒకటి లేకపోతే ఈ ఆలోచన మానుకోవడమే మేలని నా అభిప్రాయం. మీ మరిది అప్పు తీర్చడమో, పొలం రాసివ్వడమో ఈ మాటతో ముడిపడి ఉంటే, అది ప్రతిఫలమే అవుతుంది కనుక అసలు ముందుకు వెళ్ళవద్దు.

కారా అంటే కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ. దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లల వివరాలూ, పేరు నమోదు చేసుకున్న దంపతుల వరుసక్రమమూ దాని పోర్టల్‌లోనే ఉంటాయి. ఏళ్ళు పడుతుందని మీరు విన్నది నిజం. నమోదైన దంపతుల సంఖ్య, చట్టప్రకారం దత్తతకు అర్హులైన పిల్లల సంఖ్య కన్నా చాలా రెట్లు ఎక్కువ. పసిబిడ్డల కోసం నిరీక్షణ మరీ ఎక్కువ. మీ విషయంలో ఇంకొక లెక్క ఉంది. 2022 దత్తత నిబంధనల ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు 100, ఆపైన 110. మీ ఇద్దరివీ కలిపితే 87. కనుక పసిబిడ్డ అవకాశం మీకు దాటిపోయింది, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లల వరుసలో మీకు చోటుంది. ఈ లెక్కకు నమోదు చేసుకున్న తేదీ నాటి వయసునే తీసుకుంటారు. ఇద్దరి వయసులూ కలిసి ఏడాదికి రెండేసి పెరుగుతాయి కనుక ఎటూ తేల్చుకోకుండా గడిపే ప్రతి ఏడూ మీ చేతిలోని అవకాశాన్ని కుదిస్తుంది.

పేరు నమోదయ్యాక సామాజిక కార్యకర్త మీ ఇంటికి వస్తారు. ఈ హోం స్టడీ గురించి చాలామంది పెళ్ళిచూపుల్లా కంగారుపడి ఇల్లు సర్ది, అప్పులూ జబ్బులూ దాచి, అత్తగారికి ఏం చెప్పాలో నేర్పి కూర్చోబెడతారు. ఆ వచ్చినవారు చూసేది సోఫాలను కాదు. బిడ్డ రాత్రి ఎవరి దగ్గర పడుకుంటుంది, మీరిద్దరూ ఉద్యోగాలకు వెళితే పగలు ఎవరు చూస్తారు, ఇంట్లో పెద్దలకు ఈ దత్తత ఇష్టమేనా, మీలో ఒకరికి ఏమైనా అయితే బిడ్డ బాధ్యత ఎవరిది అని అడుగుతారు. మీ అత్తగారి అయిష్టాన్ని కూడా దాచకుండా చెప్పండి, ఆ మాట పైకి రావడమే ఆమెతో మాట్లాడడానికి దారి తీస్తుంది. ఈ నివేదిక మూడేళ్ళు చెల్లుతుంది.

మీ వంతు వచ్చినప్పుడు బిడ్డ ఫొటో, బిడ్డ నేపథ్య నివేదిక, వైద్య నివేదిక పోర్టల్‌లో కనిపిస్తాయి. 48 గంటల్లోగా ఆ బిడ్డను మీకు కేటాయించి ఉంచమని చెప్పాలి. ఆ తరువాత శిశుగృహానికి వెళ్ళి బిడ్డను చూసి, మీకు నమ్మకమున్న పిల్లల డాక్టరుకు వైద్య నివేదిక చూపించి, 30 రోజుల్లోగా అంగీకారం తెలపాలి. రెండు రోజుల గడువు చిన్నది కనుక ఏ ఆరోగ్య సమస్యను మీరు చూసుకోగలరు, దేన్ని చూసుకోలేరు అన్నది ముందే ఇద్దరూ నిజాయతీగా మాట్లాడుకుని ఉంచుకోండి. అంగీకరించాక బిడ్డను దత్తతకు ముందరి సంరక్షణ పేరిట ఇంటికి పంపుతారు, దత్తత ఉత్తర్వు కోసం బిడ్డ శిశుగృహంలో ఎదురుచూడనక్కరలేదు. 2022 సెప్టెంబరు 1 నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే మన కలెక్టరుకు మారింది. ఆ ఉత్తర్వు ఆధారంగానే మీ పేర్లతో జనన ధ్రువీకరణ పత్రం వస్తుంది. ఆ తరువాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకొకసారి బిడ్డ ఎలా ఉందో చూడడానికి వస్తారు. చెల్లించవలసిన రుసుములు నిబంధనల్లోనే ఉన్నాయి, రసీదు లేకుండా ఎవరికీ ఏమీ ఇవ్వవద్దు.

రెండు మూడేళ్ళ బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు మొదటి కొన్ని వారాలు తిండి దాచుకోవడం, రాత్రి ఉలిక్కిపడి లేవడం, లేదా కొత్తవారందరి దగ్గరికీ ఒకేలా వెళ్ళిపోవడం కనిపించవచ్చు. అది మొండితనమూ కాదు, మీ మీద ప్రేమ లేకపోవడమూ కాదు. అప్పటిదాకా తనకు అన్నం పెట్టిన ఆయా మనిషి ఒక్క రోజులో కనబడకుండా పోయింది మరి. శిశుగృహంలో బిడ్డ ఏ వేళకు తినేది, ఏ దుప్పటి కప్పుకుని పడుకునేది, ఏ పేరుతో పిలిస్తే పలికేది అడిగి తెలుసుకుని రండి. వీలైతే ఆ దుప్పటి కూడా తెచ్చుకోండి. పేరు మార్చాలనుకున్నా పాత పేరును ఒక్కసారిగా తీసేయకండి.

సరోగసీ విషయానికొస్తే, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న సరోగసీ నియంత్రణ చట్టం వాణిజ్య సరోగసీని పూర్తిగా నిషేధించింది. బిడ్డను మోసే స్త్రీకి వైద్య ఖర్చులు, చట్టం అనుమతించిన ఖర్చులు, 36 నెలల బీమా తప్ప ప్రతిఫలం ఇవ్వకూడదు. ఆమె పెళ్ళయి తనకంటూ బిడ్డ ఉన్నదై, 25 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసుదై ఉండాలి. జీవితంలో ఒక్కసారే సరోగేట్ కాగలదు, ఆమె అండాన్ని వాడకూడదు. పిండాన్ని ప్రవేశపెట్టే దాకా తన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఆమెకుంది. అందువల్ల ‘అమ్మాయిని మేమే చూస్తాం, మొత్తం ప్యాకేజీ’ అన్న మాటలోనే చట్ట ఉల్లంఘన కనిపిస్తోంది. వాణిజ్య సరోగసీ నడిపినవారికి పదేళ్ళ వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా ఉన్నాయి. దాని కోసం వెళ్ళిన దంపతులు కూడా బాధితులుగా మిగలరు, మొదటి నేరానికే ఐదేళ్ళ వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా పడవచ్చు. 2025లో హైదరాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం నిర్వాహకులు అరెస్టయిన కేసు మీరు చదివే ఉంటారు. సరోగసీ ద్వారా తమకే పుట్టిన బిడ్డ అని నమ్మి లక్షలు చెల్లించిన దంపతులు డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే ఆ బిడ్డతో ఏ సంబంధమూ లేదని తేలిందన్నది అందులోని ఫిర్యాదు.

చట్టబద్ధంగా వెళితే మీకు అర్హత ఉన్నట్టే కనిపిస్తోంది. భార్య వయసు 23 నుంచి 50, భర్త వయసు 26 నుంచి 55 మధ్య ఉండాలి, బతికి ఉన్న బిడ్డ ఉండకూడదు. గర్భసంచి తీసేయడం నిబంధనలు గుర్తించిన వైద్య కారణమే. జిల్లా మెడికల్ బోర్డు నుంచి ఆ మేరకు ధ్రువపత్రం, బిడ్డ తల్లిదండ్రులు మీరేనని, సంరక్షణ మీదేనని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు ఇచ్చే ఉత్తర్వు, బీమా పత్రం ఉండాలి. వీటితో పాటు మీకూ సరోగేట్ తల్లికీ అధీకృత అధికారి నుంచి అర్హత పత్రాలు రావాలి. ఇవన్నీ చేతికి వచ్చాకే చికిత్స మొదలవ్వాలి. కోర్టు ఉత్తర్వే పుట్టిన తరువాత బిడ్డ జనన నమోదుకు ఆధారం కనుక, ‘ముందు మొదలుపెడదాం, కాగితాలు తరువాత చూసుకుందాం’ అనే క్లినిక్ నుంచి లేచి వచ్చేయండి. అలా పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో మీ సొంత బిడ్డే. కవలలు పుట్టినా, ఆరోగ్య లోపముతో పుట్టినా వద్దనే హక్కు మీకు ఉండదు.

మీ అత్తగారి ‘మన రక్తం’ అన్న కోరికకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. 41 ఏళ్ళ వయసులో మీ అండాలతో పిండం ఏర్పడే అవకాశం తక్కువని డాక్టరు చెప్పవచ్చు. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధన ప్రకారం, జిల్లా మెడికల్ బోర్డు అవసరమని ధ్రువీకరిస్తే దాత అండం వాడుకోవచ్చు, అయితే భార్యాభర్తల్లో ఒకరి బీజకణమైనా (అండం లేదా వీర్యకణం) తప్పక ఉండాలి. అంటే అప్పుడు బిడ్డకు జన్యుపరంగా మీ వారితోనే సంబంధం ఉంటుంది. అది మీకు సమ్మతమేనా అన్నది అత్తగారిని కాక మిమ్మల్ని మీరు అడిగి చూసుకోవలసిన ప్రశ్న. ఇంకొక స్త్రీ తొమ్మిది నెలలు తన శరీరాన్ని, ప్రాణాన్ని పణంగా పెట్టి మీకోసం మోస్తుందన్న సంగతి కూడా ఆ ఆలోచనలో ఉండాలి. డబ్బు ఆశ లేకుండా అంత పని చేయడానికి ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చే మనిషి మీ ఎరుకలో లేకపోతే ఈ మార్గం మీకు లేనట్టేనని నిర్మొహమాటంగా చెబుతున్నాను.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. సరోగసీకి దరఖాస్తు చేసే దంపతులకు కన్నబిడ్డే కాదు, దత్తబిడ్డ కూడా ఉండకూడదు. బిడ్డకు తీవ్ర వైకల్యమో, ప్రాణాంతక వ్యాధో ఉన్నప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు. కాబట్టి ముందు దత్తత తీసుకుంటే సరోగసీ దారి మూసుకుపోతుంది. సరోగసీ ద్వారా ఒక బిడ్డ కలిగిన తరువాత మాత్రం కారా ద్వారా దత్తతకు వెళ్ళవచ్చు. అలాగని సరోగసీ కుదరకపోతేనే దత్తత అనుకోవద్దని నా మనవి. మరొకటి దొరకక వచ్చిన బిడ్డగా పెరగడం ఏ పిల్లకూ మంచిది కాదు. మీరు నన్నడిగారు కనుక చెబుతున్నాను, మీ వయసు, ఆరోగ్యం, మీరు రాసిన పరిస్థితి చూస్తే కారా మార్గమే మీకు సరిపోతుందని నాకనిపిస్తోంది. పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన దత్తత అయిపోదు కనుక, నమోదు చేసుకున్నాక కూడా సరోగసీ గురించి డాక్టరు అభిప్రాయం తీసుకోవచ్చు. అయితే బిడ్డ ఫొటో మీ ముందుకు వచ్చే నాటికి మనసు ఒకవైపు నిలిచి ఉండాలి.

దత్తత సంగతి బిడ్డకు ఎప్పుడు చెప్పాలని మీరు అడగలేదు, కానీ అది ఇప్పుడే ఆలోచించుకోవాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ, కథ చెప్పినంత మామూలుగా చెబుతూ రావాలి. పెళ్ళి చూపుల్లో ఎవరో బంధువు నోట వినవలసి వస్తే ఆ గాయం మానడం కష్టం. పద్దెనిమిదేళ్ళు నిండాక తన మూలాలను వెతుక్కునే హక్కు కూడా నిబంధనలు దత్తబిడ్డకు ఇచ్చాయి.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని ఇది. ఇద్దరి పాన్, ఆధార్ కార్డులు, పుట్టిన తేదీ ఆధారాలు, వివాహ ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రాలు, నివాస ధ్రువీకరణ, ఏ దీర్ఘకాలిక, అంటు, ప్రాణాంతక వ్యాధీ లేదని డాక్టరు ఇచ్చే పత్రం, కుటుంబం ఫొటో సిద్ధం చేసుకోండి. పెళ్ళయి పదహారేళ్ళయింది కనుక వివాహం రిజిస్టరు చేయించారో లేదో ఒకసారి చూసుకోండి, చాలామందికి ఆలస్యం అక్కడే అవుతుంది. పోర్టల్‌లో సొంతంగా నింపడం కష్టమనిపిస్తే జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళండి. అక్కడివారే దగ్గరుండి నమోదు చేయిస్తారు, ఆ సాయానికి మధ్యవర్తి ఎవరూ అవసరం లేదు.